బుల్లిబాబుని తిట్టే నాథుడే లేడు

నలభై అయిదేళ్ళ మనిషి, అందులోనూ ఏ గుమ్మంలోంచైనా తల వంచితే తప్ప దూరలేని మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని బుల్లిబాబు అనడమేమిటని ఎవరైనా అడగొచ్చు. అడిగి లాభం లేదు. వాళ్ళమ్మ ఉయ్యాల్లో పెట్టిన ముద్దుపేరు అది. పిల్లవాడు పెరుగుతాడన్న ఆలోచన ఆవిడకి తట్టలేదు. బళ్ళో అదే రాశారు, రేషను కార్డులో అదే ఎక్కింది, పెళ్ళి శుభలేఖలో కూడా చిరంజీవి బుల్లిబాబు అనే అచ్చయింది. జగ్గయ్యపేట బజారులో బుల్లిబాబు ఎవరండీ అని అడిగిన కొత్తవాళ్ళు, ఆయన లేచి నిలబడగానే రెండడుగులు వెనక్కి వేసేవారు.

ఆయనకి చిల్లకల్లు దారిలో నల్లరేగడి చేలున్నాయి. పత్తి, మిరప వేసేవాడు. రైతుగా మరీ గొప్పవాడేం కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. పురుగుమందు ఎప్పుడు కొట్టాలో ఆయనకన్నా భార్య సీతారావమ్మకే బాగా తెలుసు. పిల్లలు లేరు. అయితేనేం, పెనుగంచిప్రోలు నుంచి నందిగామ దాకా వాళ్ళ బంధువర్గంలో బుల్లిబాబు లేకుండా ఆడపిల్ల పెళ్ళి జరిగేది కాదు. విడిది చూసేది ఆయనే మరి.

విడిది అంటే మగపెళ్ళివారు వచ్చి దిగే ఇల్లు. దిగినవాళ్ళు ఊరికే దిగరు, తప్పులు వెతకడానికే దిగుతారు. కాఫీ చల్లారిందంటారు. పొగలు కక్కే కాఫీ ఇస్తే నోరు కాలిందంటారు. పెళ్ళికొడుకు మేనత్తకి విసనకర్ర ఇవ్వలేదని ఒకరు, పినతండ్రికి అరిగిపోయిన సబ్బుబిళ్ళ ఇచ్చారని ఇంకొకరు. ఇదంతా ఎవరో ఒకరి నెత్తిన పడాలి. పెళ్ళికూతురి తండ్రి నెత్తిన పడితే పరువు పోతుంది. కుర్రకారు నెత్తిన పడితే మాటకి మాట పెరిగి పీటల మీద పెళ్ళి ఆగిపోతుంది. అందుకని ఆడపెళ్ళివారు ప్రత్యేకంగా ఒక మనిషిని విడిదిలో పెడతారు. వచ్చిన తిట్లన్నీ తిని అరిగించుకోవడమే అతని ఉద్యోగం. ఈ ఉద్యోగంలో బుల్లిబాబుని కొట్టినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆయనకి ఇందులో ఒక పద్ధతుండేది. ప్రతి విడిదిలోనూ కావాలని ఒక లోపం చేసి పెట్టేవాడు. ఒక మంచానికి నులక వదులు చేసి ఉంచేవాడు. మగపెళ్ళివారు బస్సు దిగేటప్పుడే వాళ్ళలో గట్టి నోరున్న పెద్దమనిషి ఎవరో కనిపెట్టి, ఆ మంచం ఆయనకి వేయించేవాడు. పెద్దమనిషి దర్జాగా కూర్చునేవాడు. కూర్చున్న మరుక్షణం నడుము నేలకి తగిలేది, మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఇక చూస్కోండి! "మర్యాద తెలుసా మీ ఊళ్ళో? మంచం కూడా బిగించలేని వెధవల పిల్లనా మేం చేసుకునేది?" అని ఆయన ఎగిరిపడుతుంటే, బుల్లిబాబు చేతులు కట్టుకుని, అంత పొడుగు మనిషీ వంగిపోయి, "తప్పే బాబాయిగారూ, నా బుద్ధి గడ్డి తింది" అనేవాడు. ఆయన కోపమంతా ఆ నులక మంచం మీద ఖర్చయిపోయేది. ఆ తర్వాత పీటల దగ్గర ఏ లాంఛనం తక్కువైనా అరవడానికి ఓపిక మిగిలేది కాదు.

తిట్లు పరాయివాళ్ళవే కాదు, సొంతవాళ్ళవీ దండిగా ఉండేవి. నందిగామలో ఎరువుల కొట్టున్న బావ వెంకటరత్నం, అంటే అక్క పుష్పవతి మొగుడు, కనపడగానే "ఏరా తాటిచెట్టూ, ఇంకా బతికే ఉన్నావా?" అని పలకరించేవాడు. అక్క "ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ?" అనేది. ఇంటికొస్తే సీతారావమ్మ నోరు ఆ వీధిలోకెల్లా పెద్దది. "ఏమయ్యో, అన్నం పెట్టమంటావా, తిన్న తిట్లతోనే కడుపు నిండిందా?" అని ఆవిడ అంటే నాలుగిళ్ళ అవతల నవ్వేవారు. బుల్లిబాబు ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఆయనకి మనసు చెడింది. ఎందుకు చెడిందంటే ఎవరేం చెప్తారు? ముందు నిద్ర పోయింది. తర్వాత మాట పెరిగింది. చెట్టుతో, గట్టుతో, గేదెతో ఆగకుండా మాట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డుకి అడ్డంగా నిలబడి, ముక్త్యాల నుంచి వచ్చే ఇసుక లారీలన్నీ ఆపేశాడు. "ముందర రోడ్డు అయిపోయింది, వెనక్కి తిప్పు" అన్నాడు. ఆ నిలువెత్తు మనిషిని, ఆ గొంతుని చూసి ఇద్దరు డ్రైవర్లు నిజమేననుకుని బండ్లు తిప్పారు కూడా. ఊళ్ళో అది చెప్పుకుని చాలా రోజులు నవ్వుకున్నారు. సీతారావమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత మాట ఆగిపోయింది. మంచం మీద పడుకునే మనిషి మంచం కిందకి దూరాడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు. తాయెత్తులు కట్టారు, మొక్కులు మొక్కారు, ఎవరో నెత్తిన ఆకుపసరు పోస్తే నాలుగు రోజులు ఇల్లంతా కంపు కొట్టింది. అన్నీ అయ్యాక చిన్ననాటి స్నేహితుడు అయూబ్ తన టాక్సీలో ఎక్కించుకుని పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ కరెంటు పెట్టారు, మాత్రలు వేశారు, నెలల తరబడి ఉంచుకున్నారు. మెల్లగా మనిషి మనుషుల్లో పడ్డాడు.

ఆసుపత్రిలో తిట్లకేం కొరత లేదు. వార్డుబాయి పొద్దున్నే మంచాల వరస ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే తిట్టు తిట్టుకుంటూ పోయేవాడు. అది అందరికీ కలిపి తిట్టిన తిట్టు. అందులో తన వాటా ఎంతో బుల్లిబాబుకి తెలిసేది కాదు. పడుకుని ఇంటి తిట్లు తలుచుకునేవాడు. తాటిచెట్టూ అనే బావని, ఏమయ్యో అనే పెళ్ళాన్ని తలుచుకుంటే కళ్ళు నీళ్ళు తిరిగేవి. తొందరగా నయమైపోయి వెళ్ళి వాళ్ళ చేత నాలుగు చివాట్లు తినాలని ఆయనకి మహా కోరికగా ఉండేది.

ఎనభైలో, వానలు మొదలయ్యాక, అయూబే వెళ్ళి తీసుకొచ్చాడు. ఇంటిముందు టాక్సీ ఆపి, దిగి, తలుపు తెరిచి పట్టుకుని, "దిగండి బుల్లిబాబుగారూ" అన్నాడు.

గోళీలాటలో తన చేత ముక్కు పగలగొట్టించుకున్నవాడు, నిన్నమొన్నటిదాకా "ఒరేయ్ పొడుగూ" అన్నవాడు, ఇప్పుడు గారూ అంటాడా!

"ఏంట్రా అయూబూ, గారేంటి?" అన్నాడు.

"ఫర్లేదండి, మీరు నిదానంగా దిగండి" అన్నాడు అయూబ్.

అక్కణ్ణుంచి మొదలైంది బుల్లిబాబు అసలు కష్టం. ఊరు ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. హోటల్లో కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు తగ్గించేవారు. పేకాటకి కూర్చుంటే ఆయనకి కావలసిన ముక్కలే పడేసి ఆయన్నే గెలిపించేవారు. ఎదురింటి పెద్దమనిషి పొలం గట్టు తగాదా మానేసి, గట్టు మొత్తం మీదేనండి అన్నాడు. ఆ తగాదా తాతల నాటిది. దాన్ని అలా ఒక్క మాటలో వదులుకోవడం బుల్లిబాబుకి అవమానంగా తోచింది. ఒక మంగళవారం నాడు, వీళ్ళ సంగతి చూద్దామని హోటల్లో కూర్చుని "ఇవాళ శుక్రవారం కదూ" అన్నాడు. "అవునండి, శుక్రవారమే" అన్నారు అందరూ. ఒకడైతే "చల్లటి శుక్రవారం" అని కూడా అన్నాడు. దాంతో ఆయనకే అనుమానం వచ్చి ఇంటికెళ్ళి క్యాలెండరు చూసుకున్నాడు.

ఊరుని క్షమించవచ్చు. ఇంట్లో సీతారావమ్మ కూడా అలాగే తయారైంది. అంత నోరూ ఏమైపోయిందో! "ఏవండీ, కాస్త మజ్జిగ తాగుతారా? ఏవండీ, ఎండ తగులుతుంది, లోపల కూర్చోండి." ఏమయ్యో పోయి ఏవండీ వచ్చింది. పొలం పన్లన్నీ తనే చూసుకునేది. ఆయన పలుగు పట్టుకుంటే నవ్వుతూ లాగేసుకునేది. మాత్రల వల్ల ఆయన చేతులు సన్నగా వణికేవి. గ్లాసు ఒలికితే మాట్లాడకుండా తుడిచేది. ఒకసారి పట్టలేక బుల్లిబాబు కావాలని గేదెని విప్పేశాడు. అది వెళ్ళి పక్కింటివాళ్ళ చొప్పవామి సగం మేసి, మిగతా సగం తొక్కి పారేసింది. ఇప్పుడైనా నాలుగు అంటుందని ఆశగా వాకిట్లో నిలబడ్డాడు. సీతారావమ్మ పక్కింటికెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలుకుని వచ్చి, "పోన్లెండి, మీరు పడుకోండి" అంది. బుల్లిబాబు పెరట్లో తమ వామి వెనక్కెళ్ళి కూర్చుని ఏడ్చాడు. ఈ ఇంట్లో తను అద్దెకొచ్చినవాడిలా ఉన్నానని ఆయన బాధ.

ఎనభై ఒకటి వైశాఖంలో నందిగామలో అక్క కూతురు ఝాన్సీ పెళ్ళి. సొంత మేనకోడలు. బుల్లిబాబు లాల్చీ ఇస్త్రీ చేయించుకుని, పెళ్ళికి ముందే వెళ్ళి "బావా, విడిది ఎక్కడ పెట్టావు, బళ్ళోనేనా?" అని అడిగాడు.

"విడిది సంగతి నీకెందుకు బుల్లిబాబూ" అన్నాడు వెంకటరత్నం, ఎంతో మెత్తగా. "భవానీప్రసాద్ చూసుకుంటాడు. నువ్వు హాయిగా కూర్చో."

భవానీప్రసాద్ బుల్లిబాబుకి పెదనాన్న కొడుకు. జగ్గయ్యపేటలోనే బట్టలకొట్టు. మంచివాడేగానీ, నులకకీ నవారుకీ తేడా తెలియనివాడు. బుల్లిబాబుని తీసుకొచ్చి పందిట్లో పెద్దవాళ్ళ వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పక్కన టేబుల్ ఫ్యాను, చేతిలో సోడా. కదిలితే చాలు, అక్క పుష్పవతి పరుగెత్తుకొచ్చి "ఏం కావాలి నాన్నా?" అనేది. యాభై ఏళ్ళ అక్క, నలభై ఏడేళ్ళ తమ్ముణ్ణి పట్టుకుని నాన్నా అంటే ఎలా ఉంటుంది? ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

పుష్పవతి చీరలు పంచడానికి లోపలికెళ్ళిన అదను చూసి బుల్లిబాబు వంటపాకలో దూరాడు. కాఫీ బిందె దగ్గర గ్లాసులు సర్దిన పళ్ళెం ఒకటి కనపడితే అందుకుని, నేరుగా విడిదికి నడిచాడు. బళ్ళో మధ్య గదిలో పెళ్ళికొడుకు మేనమామ బ్రహ్మయ్య కొత్త జరీపంచె కట్టుకుని, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడా ఒక్క తప్పూ దొరక్క ఆయన అప్పటికే చిరాగ్గా ఉన్నాడు. బుల్లిబాబు వంగి పళ్ళెం చాపాడు. చెయ్యి వణికింది. గ్లాసెడు కాఫీ జరీపంచె మీద బోర్లా పడింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని లేచాడు బ్రహ్మయ్య. "మనిషివా, దున్నపోతువా? ఇంత ఎత్తు పెరిగావు, ఒక గ్లాసు సరిగ్గా పట్టుకోలేవూ? ఎవరయ్యా ఈ శాల్తీని విడిదిలోకి తోలింది? తిండి దండగ!"

దున్నపోతు! శాల్తీ! తిండి దండగ! బుల్లిబాబుకి ఎండాకాలంలో బోరింగు కింద తలపెట్టినంత హాయి అనిపించింది. చేతులు కట్టుకున్నాడు. నడుము వంచాడు. "తప్పే బావగారూ, నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. బ్రహ్మయ్య ఇంకా ఊపందుకుని వాళ్ళ వంశం దాకా వచ్చాడు. తాతగార్ని కూడా ఒక మాట అన్నాడు. అలా ఇంకాసేపు సాగితే బుల్లిబాబుకి అసలు మాత్రలే అక్కర్లేకపోను.

అంతలో వెంకటరత్నం పంచె ఎగదోపుకుని పరుగెత్తుకొచ్చాడు. బ్రహ్మయ్యని పక్కకి లాగి చెవిలో ఏదో ఊదాడు. ఏం ఊదాడో బుల్లిబాబుకి ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. బ్రహ్మయ్య మీసం కిందకి వాలింది. ఒక అడుగు వెనక్కి వేసి, గొంతు సవరించుకుని, "కూర్చోండి బావగారూ, ఈ పంచెదేముంది, ఎలాగూ ఉతకాల్సిందే" అన్నాడు. ఓ పిల్లతల్లి పిల్లని చంకనేసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. అందరూ ఆయన వంకే చూస్తూ కాఫీ బ్రహ్మాండంగా ఉందన్నారు.

ఆ పెళ్ళిలో మగపెళ్ళివారు ఇక నోరెత్తలేదు. పప్పులో ఉప్పు లేకపోయినా సర్దుకుపోయారు. వెంకటరత్నానికి ఇదంతా అద్భుతంగా కనిపించింది. ఎరువులు అమ్మే బుర్ర కదా, ఏది ఎక్కడ చల్లితే ఏం పండుతుందో ఇట్టే పట్టేస్తుంది.

తర్వాతి పెళ్ళి పెనుగంచిప్రోలులో. వాళ్ళు ఇంటికొచ్చి మరీ పిలిచారు. "బాబాయ్, విడిదిలో నువ్వుండాలి" అన్నారు. బుల్లిబాబు పొంగిపోయాడు. మళ్ళీ తన ఉద్యోగం తనకొచ్చిందనుకున్నాడు. ముందే వెళ్ళి నులక వదులు చేసి మంచం సిద్ధం చేశాడు. మగపెళ్ళివారిలో గట్టి నోరున్న పెద్దమనిషిని చూసి దానిమీద కూర్చోబెట్టాడు. ఆయన దిగబడిపోయాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. బుల్లిబాబు చేతులు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పెద్దమనిషి ఆ మడతపడిన చోటునుంచే బుల్లిబాబు వంక చూసి, పళ్ళికిలించి, "హాయిగా ఉందండీ" అన్నాడు. భోజనాల పిలుపు వచ్చేదాకా ఆ గుంటలోంచి లేవలేదు.

సంగతేమిటో ఆ సాయంత్రం తెలిసింది. పందిరి గుంజ అవతల వెంకటరత్నం ఎవరితోనో చెప్తున్నాడు. "మగపెళ్ళివారు దిగగానే ఆసుపత్రి సంగతి ఒకళ్ళ చెవిన వేస్తే చాలయ్యా. మావాణ్ణి ఊరికే అక్కడ కూర్చోబెట్టు, ఒక్కడు నోరెత్తడు. ముక్త్యాలలో వచ్చే నెల పెళ్ళికి కూడా అడుగుతున్నారు."

బుల్లిబాబు లాల్చీ విప్పి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. చేలో దిష్టిబొమ్మని చూసి కాకులు భయపడతాయి, అంతమాత్రాన దాన్ని ఎవరైనా అన్నానికి పిలుస్తారా? "నేనింక ఏ పెళ్ళికీ వెళ్ళను" అన్నాడు భార్యతో.

"మీ ఇష్టమండీ" అంది సీతారావమ్మ.

"ఎందుకెళ్ళవని అడగవా?"

"మీకెలా బాగుంటే అలానే చేద్దామండీ."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముక్త్యాల పెళ్ళికి వెళ్ళలేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఏ పెళ్ళికీ వెళ్ళలేదు.

ఎనభై మూడులో భవానీప్రసాద్ కూతురి పెళ్ళి వచ్చింది. జగ్గయ్యపేటలోనే, రెండు వీధుల అవతల. మగపెళ్ళివారిది మధిర వైపు. పెళ్ళికొడుకు నాయనమ్మ బసవమ్మ అని ఒకావిడ ఉందని, ఆవిడ నోటికి మూడు తాలూకాలు వణుకుతాయని, వాళ్ళింట్లో ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చి ఆవిడ వల్లే తప్పిపోయిందని చెప్పుకునేవారు. భవానీప్రసాద్ వచ్చి బుల్లిబాబు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "అన్నయ్యా, నువ్వు విడిదిలో కూర్చోకపోతే నా కూతురి పెళ్ళి జరగదు" అన్నాడు.

బుల్లిబాబు రానన్నాడు. తర్వాత ఆ పిల్ల మొహం గుర్తొచ్చి సరేనన్నాడు. కూర్చోవడం మాత్రం కూర్చోనని, కాఫీలు తనే ఇస్తానని పట్టుబట్టాడు. వణికే చేతులతో కాఫీలేమిటని అందరూ గుడ్లు మిటకరించినా, ఆయనతో వాదించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బసవమ్మ జీపు దిగింది. గుప్పెడు మనిషి. చేతికర్ర, చెవికి ఇంతేసి దుద్దులు, చెవుడు. విడిది అరుగు మీద కూర్చోగానే బుల్లిబాబు గ్లాసు తీసుకెళ్ళి అందించాడు. చెయ్యి వణికి కొంత సాసర్లో ఒలికింది. ఆవిడ మిగిలింది ఓ గుక్క తాగి, మొహం ముడిచింది.

"ఏందయ్యా ఇది, కాఫీయా, కుండలు కడిగిన నీళ్ళా? చల్లగా చచ్చింది!"

బుల్లిబాబు చేతులు కట్టుకోబోయాడు. కానీ వెంకటరత్నం అప్పటికే వచ్చేశాడు. ఆవిడ చెవిదగ్గర వంగి మెల్లగా ఊదాడు. ఆవిడకి వినపడలేదు. ఇంకాస్త గట్టిగా ఊదాడు. "ఏందీ?" అంది. ఇక దారిలేక వెంకటరత్నం అరిచాడు. "ఆయన పిచ్చాసుపత్రి నుంచి వచ్చాడండీ!"

లోపల పూలు కడుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. వాళ్ళలో సీతారావమ్మ కూడా ఉంది. బుల్లిబాబు తల దించుకున్నాడు.

"ఎప్పుడొచ్చాడు?" అంది బసవమ్మ.

"మూడేళ్ళయిందండీ!"

"కుదిరిందా?"

"కుదిరిందండీ!"

"కుదిరితే కాఫీ ఎందుకు చల్లారింది?"

బసవమ్మ కర్ర ఎత్తి బుల్లిబాబు పొట్టమీద పొడిచింది. "ఏమయ్యా పొడుగాయనా, పిచ్చి కుదిరాక నీకింకేం రోగం? చెయ్యి వణుకుతుందని తెలుసుగా, అంచుదాకా ఎందుకు పోశావు? సగం పోసి రెండుసార్లు తేలేవూ? కాళ్ళు కూడా వణుకుతున్నాయా?"

"లేదు అత్తయ్యగారూ, కాళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు బుల్లిబాబు. ఇన్నేళ్ళలో చెయ్యి వణుకుతోందని ఆయన మొహం మీద అన్న మనిషి ఆవిడే.

"ఈయనకి పెళ్ళాం లేదా? ఎవరూ చెప్పరా ఈయనకి?"

ఆడవాళ్ళు సీతారావమ్మని ముందుకు తోశారు. చేతిలో సగం కట్టిన మల్లెదండతో వచ్చి నిలబడింది. "పోన్లెండి పిన్నిగారూ, వేరే కాఫీ నేను తెస్తాను, ఆయన్ని..." అని మొదలుపెట్టింది.

"నువ్వెందుకు తేవాలి? నీ మొగుడు పసివాడా? ఇంత మనిషిని పట్టుకుని చంటిపిల్లాడి లెక్క చూస్తే వాడు మనిషెట్లా అవుతాడే?"

సీతారావమ్మ భర్త వంక చూసింది. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉన్నాడు. అది చూసేసరికి ఆవిడకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మల్లెదండ నేలకేసి కొట్టింది.

"ఏమయ్యో, నవ్వొస్తుందా నీకు? నాకు నోరు లేదనుకున్నావా? మంచం కింద దూరావు చూడు, నేను పక్కనే కటిక నేలమీద పడుకుని నీ కాలి బొటనవేలు పట్టుకుని నిద్రపోయేదాన్ని, లేచి ఎటు పోతావోనని. ఒక్కసారన్నా 'సీతా' అన్నావా? ఆసుపత్రికి అన్నం కట్టుకుని వస్తే గోడ చూశావు గానీ నా మొహం చూశావా? బస్సులో ఏడ్చుకుంటూ వచ్చేదాన్ని, తెలుసా? నువ్వు లేకుండా మిరపచేను నేనొక్కదాన్నే కోయించాను. నా పక్కన ఎవరున్నారయ్యా?"

"చెల్లెమ్మా, ఊరుకో తల్లీ, ఆయనకి..." అంటూ వెంకటరత్నం అడ్డం రాబోయాడు.

"నువ్వుండు బావా!" అని కసిరాడు బుల్లిబాబు.

"గేదెని విప్పింది నువ్వేనని నాకు తెలీదనుకున్నావా?" సీతారావమ్మ ఆగలేదు. "ఆ రోజు నీ వీపు విమానం మోత మోగించాలనిపించింది. చెయ్యి రాలేదు. తిడితే మళ్ళీ ఎటన్నా పోతావేమోనని భయం. గట్టిగా తుమ్మాలన్నా భయం. మూడేళ్ళ నుంచి నీతో మాట్లాడకుండా నీతో కాపురం చేశానయ్యా! పైగా గోడవైపు తిరిగి పడుకుంటావా? నీకు మాత్రమే వచ్చిందా కష్టం?"

ఊపిరందక ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు అనే తేడా లేకుండా అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. భవానీప్రసాద్ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు, తన కూతురి పెళ్ళి ఇక్కడితో సరి అనుకుని. బుల్లిబాబు చేతులు కట్టుకోలేదు, నడుము వంచలేదు. తప్పేనని కూడా అనలేదు. నిలువునా నిలబడి ప్రతి మాటా విన్నాడు. తర్వాత భార్య దగ్గరకొచ్చి నేలమీది మల్లెదండ తీసి, దుమ్ము దులిపి, వణికే చేత్తో ఆవిడ చేతిలో పెట్టాడు.

"అయిపోయిందా?" అని అడిగాడు మెల్లగా.

"ఎక్కడయిపోయింది? ఇంకా బోలెడుంది" అంది సీతారావమ్మ. "ముందు ఆవిడకి కాఫీ తగలెయ్యి. మిగతావి ఇంటికి రా, చెప్తా."